మీ ఉత్తరం – నా జవాబు: సముద్రం పక్కన ఇనుప ఇల్లు

ప్రశ్న: అమ్మా, నాకు యాభై ఎనిమిదేళ్లు. మాది పెరంబూరు. మా వారు కోచ్ ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యారు. కిందటి ఏడాది జనవరిలో నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజుకొక లెట్రోజోల్ మాత్ర, మూడు నెలలకొకసారి పరీక్ష. అంతా బాగుందని డాక్టరు గారు అంటున్నారు.

నాకు మాత్రం ఈ ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు. పడకగదిలోకి వెళ్తే చాలు, కీమో రోజుల వాసన ముక్కుకు తగిలి కడుపులో తిప్పుతుంది. వీధిలోకి వెళ్తే ప్రతివారూ తల ఒక పక్కకు వంచి "ఇప్పుడెలా ఉందమ్మా?" అంటారు. వారి ప్రేమను తప్పు పట్టను. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను మళ్లీ మంచం ఎక్కినట్టు ఉంటుంది.

మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. జబ్బుకు ముందు, 2022 వేసవిలో వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున ఒక పార్కుకు తీసుకెళ్లింది. లారీ మీద తెచ్చి దించే చిన్న చిన్న ఇళ్లు వరుసగా ఉన్నాయి. ఒక పెద్దావిడ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని ఊలు అల్లుకుంటోంది. చికిత్స నడిచినన్నాళ్లూ నాకు ఆవిడే గుర్తుకు వచ్చింది. ఈ సంగతి చెప్తే మా వారు, "మనమూ అలాంటిది చేసుకుందాం, పాత కంటైనరు కొని తలుపులూ కిటికీలూ నేనే కోసి పెడతాను" అన్నారు. చెన్నైకి దక్షిణాన కోవళం దాటాక తీర రహదారికి సముద్రం వైపున అర గ్రౌండు (1,200 చదరపు అడుగులు) స్థలం ఒక దళారి చూపించాడు. అక్కడ నిలబడితే అలలు వినిపిస్తున్నాయి. కంటైనరు కదిలే వస్తువు కాబట్టి ఏ అనుమతీ అక్కరలేదట. పెరంబూరు ఇల్లు అమ్మితేనే డబ్బు సరిపోతుంది. అమ్మాయి ఫోనులో వద్దని ఏడుస్తోంది. మీరేమంటారు?

— పేరు వద్దన్న పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: చెల్లెమ్మా, వెళ్లండి. కానీ ఇల్లు అమ్మకండి, ఆ స్థలం కొనకండి. ఈ అక్టోబరు నుంచి జనవరి చివరి దాకా సముద్రం దగ్గర ఒక పక్కా ఇంట్లో అద్దెకు ఉండండి. వానలు, తుపాన్లు, కరెంటు పోయిన రాత్రులు అన్నీ చూశాక మిగతా సంగతి తేల్చుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ దారిన నేను ఒకసారి నడిచాను. నాదీ ఎడమ వైపే. 2015లో ఆపరేషన్, చంకలోని గ్రంథులు కూడా తీశారు. చికిత్స అయిపోయాక, మీలాగే, ఆ ఇంటి గోడలు చూడలేకపోయాను. కోవళం దగ్గర తెలిసినవారి తోటలో, ఒకప్పుడు పనివాళ్ల కోసం పెట్టిన రేకుల క్యాబిన్ ఒకటి ఖాళీగా ఉంది. 2016 జూన్‌లో నేనూ మా ఆడపడుచూ రెండు పెట్టెలతో అందులో దిగాం. మరుసటి మార్చి దాకా ఉన్నాం.

మొదటి పది రోజులు నిద్రపోయాను. ఆ తర్వాత ఉదయాన్నే చేపల గంప పట్టుకుని ఒకావిడ రావడం మొదలుపెట్టింది. నన్ను "తెలుంగు అక్కా" అని పిలిచేది. నా జబ్బు సంగతి ఆవిడకు తెలియదు. తల మీద స్కార్ఫు ఉంటే ఎండకు కట్టుకున్నాననుకుంది. వంజరం ముక్క ధర దగ్గర నాతో గొంతు పెంచి పోట్లాడేది. ఒక రోజు గంప ఎత్తుకుని విసురుగా వెళ్లిపోయింది కూడా. నేను లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు చెల్లెమ్మా. ఏడాదిగా నాతో ఎవరూ పోట్లాడలేదు. ఇంట్లో అందరూ నేను ఏమన్నా సరేనన్నవారే, గాజు గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకున్నవారే. ఆ ఉదయం నేను మళ్లీ మామూలు మనిషినయ్యాను. అందుకే, తల వంచి అడిగే ప్రశ్న నుంచి దూరంగా వెళ్లాలన్న మీ కోరిక నాకు పూర్తిగా న్యాయంగా కనిపిస్తోంది. దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

ఇక రెండో వైపు. అక్టోబరులో చేప శుభ్రం చేస్తుంటే ముల్లు గుచ్చుకుంది, అదీ ఎడమ చేతికే. చిన్న గీత. మర్నాటి రాత్రికి మోచేతి దాకా ఎర్రబడి వాచి, చలిజ్వరం వచ్చింది. పదకొండు గంటలు. రహదారి దాకా అరకిలోమీటరు ఇసుక బాట, దీపం లేదు. ఆ చేపలావిడ కొడుకు తన ఆటోలో తీసుకెళ్లి అడయారులో దింపాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చంకలోని గ్రంథులు తీసిన చేతికి చిన్న గాయం కూడా చిన్నది కాదని ఆపరేషన్ నాడే చెప్పారు. సముద్రం చూసిన సంతోషంలో మరిచిపోయాను. ఆ కుర్రవాడు లేకపోతే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను.

నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. మా దగ్గరున్నవన్నీ అయిదు వందల నోట్లే. చేపలావిడ ఆ నెలంతా మాకు చేపలు, పాలు, దోసకాయలు అరువు పెట్టింది. డిసెంబరు 5 రాత్రి ముఖ్యమంత్రి జయలలిత చనిపోయారు, దుకాణాలన్నీ మూతపడ్డాయి. వారం తిరిగేసరికి, 12న వార్దా తుపాను. ముందురోజు సాయంత్రమే ఆవిడ వచ్చి, మేం వద్దన్నా వినకుండా, మా ఇద్దరినీ తమ బంధువుల కాంక్రీటు ఇంటికి లాక్కెళ్లింది. తిరిగి వచ్చి చూస్తే క్యాబిన్ పైకప్పు ఒక మూల లేచిపోయి ఉంది. పరుపు నానిపోయింది. నా ఆసుపత్రి కాగితాల ఫైలు ముద్దయింది. ఆ పరీక్షల నకళ్లు మళ్లీ సంపాదించడానికి రెండు నెలలు పట్టింది. మీరు ఈ వారమే మీ కాగితాలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి అమ్మాయికి పంపండి. ఆమె చేతికి ఒక పని దొరుకుతుంది, భయం కొంత తగ్గుతుంది.

మీవారి సంగతికి వస్తాను. ఆయన ఇనుముతో బతికిన మనిషి, ఆయనకు నేను చెప్పేదేముంది? ఒక్క మాట మాత్రం గుర్తు చేయండి. వారు చేసిన పాత రకం రైలు పెట్టెలకూ, ఓడ కంటైనరుకూ వాడేది ఒకే జాతి ఉక్కు, కార్టెన్. దాని మీద పట్టే తుప్పే పొరలా గట్టిపడి లోపలి ఉక్కును కాపాడుతుంది. ఆ పొర నిలవాలంటే ఉక్కు తడిసి, మళ్లీ బాగా ఆరాలి. ఉప్పు గాలి రాత్రింబవళ్లు తగిలే చోట అది ఆరదు, పొర నిలవదు, తుప్పు లోపలికి తింటూ పోతుంది. కిటికీ కోసిన అంచుల్లో, వెల్డింగు చేసిన కీళ్లలో మొదలవుతుంది. మా క్యాబిన్ తలుపు గడియ మూడు నెలల్లో బిగుసుకుపోయింది. గ్యాసు పొయ్యి, ఫ్యాను, బీరువా కీలు, చివరికి మందుల కత్తెర, ఒకదాని తర్వాత ఒకటి. రంగు వేయడం ఆయనకు ఏటేటా తప్పని పని అవుతుంది. ఇప్పుడు చేస్తారు. డెబ్బై అయిదేళ్ల వయసులో నిచ్చెన ఎక్కి చేస్తారా?

వేడి ఇంకొక సంగతి. నలభై అడుగుల కంటైనరు అంటే వెలుపలి వెడల్పు ఎనిమిదడుగులు, మొత్తం 320 చదరపు అడుగులు. వేడి ఆగాలంటే లోపల గాజు దూది (గ్లాస్ వూల్) పొరలు, పలకలు వేయాలి. రెండు పక్కలా అవి తిన్నాక వెడల్పు ఏడడుగులు మిగులుతుంది. మంచం అడ్డంగా వేస్తే నడవడానికి చోటుండదు. మే నెల కత్తిరి ఎండల్లో సముద్రపు గాలి సాధారణంగా మధ్యాహ్నం అయితే గాని తిరగదు. అది ఆలస్యమైన రోజు ఆ పెట్టెలో ఏసీ ఉన్నా కూర్చోవడం కష్టం. పైగా లెట్రోజోల్ వల్ల ఒంట్లో ఆవిర్లు లేస్తాయి కదా, మీకు వేరే చెప్పాలా? పాత కంటైనరు అడుగు చెక్కకు పురుగు పట్టకుండా మందు పట్టించి ఉంటారు. అందులో ఇంతకు ముందు ఏ సరుకు పోశారో తెలియదు. ఎప్పుడైనా కొంటే ఆ చెక్క మొత్తం తీయించాల్సిందే.

దళారి మాట నమ్మకండి. మీరు "అలలు వినిపిస్తున్నాయి" అని రాసిన చోటే నాకు భయం వేసింది. తీరాన్ని కాపాడేందుకు కేంద్రం 1991లో నిబంధనలు తెచ్చింది, 2011లో, 2019లో మార్చింది. పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా నేల ఆ నిబంధనల కిందికి వస్తుంది. గ్రామీణ తీరమైతే మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. జనాభా చదరపు కిలోమీటరుకు 2,161కి మించిన చోట్లకు మాత్రం 2019లో దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. మీరు చూసిన స్థలం ఏ కోవలోకి వస్తుందో దళారి నోట కాదు, పంచాయతీ నుంచీ ప్రణాళికా శాఖ నుంచీ కాగితం మీద తెలుసుకోవాలి. "కదిలే వస్తువు" అన్న మాటకు మరుగుదొడ్డి గుంత తవ్విన రోజే అర్థం పోతుంది. పట్టా, చిట్టా (రెవెన్యూ రికార్డు నకలు), ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం) చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇవ్వవద్దు. తీరం వెంట పోరంబోకు నేలలు చేతులు మారుతుంటాయి. నీళ్లు కూడా అడగండి. ఇసుక నేలలో బోరు లోతుకు వెళ్లి ఎక్కువ తోడితే ఉప్పు నీరు ఎక్కి వస్తుంది. లారీ నీళ్ల ఖర్చు నెలనెలా ఉంటుంది.

ఇంగ్లండులో మీరు చూసిన పార్కు గురించి కూడా కొంచెం చెప్పాలి. ముప్ఫై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసినదాన్ని, వెతికి చదివే అలవాటు పోలేదు. అక్కడ ఇల్లు కొనుక్కున్నవారిది, నేల పార్కు యజమానిది. ఏటా స్థలపు రుసుము కట్టాలి. సెలవుల కోసం నడిపే పార్కుల్లో ఏడాది పొడవునా కాపురం ఉండనివ్వరు, చలికాలంలో కొన్ని వారాలు మూసేసేవి చాలా ఉన్నాయి. నివాసానికే లైసెన్సు ఉన్న పార్కులు వేరు. వాటిలో ఉండేవారికి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం అండగా ఉంది. అంటే ఆ పెద్దావిడ వెనుక ఒక చట్టమో, కనీసం ఒక పార్కు మేనేజరో, పక్కింటివారో, వీధి దీపమో ఉన్నారు. మీ అర గ్రౌండులో మీరిద్దరే ఉంటారు. మీ ఉత్తరం మళ్లీ చదివి చూసుకోండి. అందులో ఆవిడ కుర్చీ ఉంది, ఊలు ఉంది, గుమ్మం ఉంది. ఆ ఇల్లు లోపల ఎలా ఉందో ఒక్క ముక్క లేదు.

మా పిన్నిని 1950లలో క్షయ వచ్చిందని తాంబరం శానటోరియానికి పంపారు. ఆ రోజుల్లో గాలి మార్పే మందు. సరిగ్గా అప్పుడే, 1956లో, మన మద్రాసులోనే ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఒకే మందులు సగంమంది రోగులకు శానటోరియంలో, సగంమందికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవారికి కూడా దాదాపు అంతే బాగా నయమైంది. ప్రపంచం క్షయ వైద్యం చేసే తీరే దానితో మారింది. మా పిన్ని మాత్రం చివరిదాకా ఆ సరుగుడు చెట్ల గాలే తనను బతికించిందని చెప్పేది. నేను ఆవిడతో వాదించలేదు. కానీ మీతో చెప్తున్నాను: మిమ్మల్ని కాపాడేది ఆ మాత్ర, ఆ మూడు నెలల పరీక్ష. సముద్రం వాటి తర్వాతే. ఏ ఇల్లు చూసినా ముందు మీ ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపట్లో చేరతారో ఒకసారి వెళ్లి చూడండి. పెరంబూరు దగ్గరి ఆసుపత్రి అయితే, కోవళం నుంచి నగరం మొత్తం దాటాలి.

అందుకే నా సలహా తిరువాన్మియూరు, పాలవాక్కం, నీలాంగరై. సముద్రానికి నడిచి వెళ్లవచ్చు, వీధిలో మందుల దుకాణం ఉంటుంది, ఆటో దొరుకుతుంది. కింది అంతస్తు వద్దు, నవంబరు వానలకు నీళ్లు వస్తాయి. మొదటి అంతస్తు చూడండి. నేను 2017 నుంచి తిరువాన్మియూరులోనే ఉంటున్నాను. పెరంబూరు ఇల్లు అద్దెకిస్తే ఇక్కడి అద్దెలో కొంత తీరుతుంది.

ఒంటి జాగ్రత్తలు, మీ డాక్టరు గారిని అడిగి ఖాయం చేసుకోండి. నేను డాక్టరును కాను, దెబ్బతిన్నదాన్ని. చేపలు మీవారే కోయాలి. ఎడమ చేతికి దోమ కుట్టినా గోకకండి. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉంటే, జ్వరం వస్తే, తెల్లవారేదాకా ఆగకండి. రక్తం తీయడం, బీపీ చూడడం కుడి చేతికే. కీమో వల్ల అరికాళ్లు ఇంకా మొద్దుబారి ఉంటే ఎండ ఇసుకలో చెప్పులు లేకుండా నడవవద్దు. కాలినా మీకు తెలియదు. రాత్రి పడుకునే ముందు మీవారిని అరికాళ్లు చూడమనండి. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది, కాబట్టి మెత్తటి ఇసుకలో కాకుండా అల వెనక్కి వెళ్లిన గట్టి తడి ఇసుక మీద నడవండి. నీళ్లలోకి మోకాలి దాకా కూడా ఒంటరిగా దిగవద్దు, ఈ తీరంలో అల అడుగున లాగుతుంది. ఆరోగ్య బీమా గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. ఈ జబ్బు వచ్చాక కొత్తది దొరకడం చాలా కష్టం.

అక్టోబరు దాకా ఆగలేనంటారా? ఈ ఆదివారమే ఆ పడకగదిని మార్చండి. మంచం ఎవరికైనా ఇచ్చేయండి, పరుపు పారేయండి, గోడలకు వేరే రంగు వేయించండి, వాడే సబ్బు కూడా మార్చండి. వాసనతో వికారం రావడం మీ మనసు బలహీనత కాదు. కీమో చేయించుకున్నవారిలో చాలామందికి వాసనకూ వాంతికీ అలా ముడి పడిపోతుంది. వీధిలో "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నవారికి నేను ఒక జవాబు అలవాటు చేసుకున్నాను: "బాగున్నాను. మీ మోకాలు ఎలా ఉంది?" ప్రతివారికీ ఏదో ఒక మోకాలు ఉంటుంది. అయిదు నిమిషాలు వాళ్ల కబురు విని ఇంటికి వస్తాను.

2017 ఫిబ్రవరిలో ఒక రాత్రి, తాబేళ్ల గుడ్లు వెతికి కాపాడే విద్యార్థుల వెంట నీలాంగరై నుంచి బెసంట్ నగర్ వైపు నడిచాను. తెల్లవారుజామున ఒక తల్లి తాబేలు ఇసుక తవ్వి గుడ్లు పెట్టి, గుంత కప్పి, నెమ్మదిగా నీళ్లలోకి వెళ్లిపోయింది. జబ్బు కారణంగా కాకుండా నేను రాత్రంతా మేలుకున్నది రెండేళ్లలో అదే మొదటిసారి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ నడకలు ఉంటాయి. మీరిద్దరూ రండి, నేనూ వస్తాను. అప్పటికీ మీకు ఆ కంటైనరే కావాలనిపిస్తే, పాతవి అమ్మే యార్డులు మాధవరం, మణలి వైపు ఉన్నాయి. మీవారితో కలిసి వెళ్లి ఒక్కొక్కటీ తట్టి చూద్దాం.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఆరేళ్లు. మార్చిలో బైపాస్ జరిగింది. బెంగళూరులో మా అపార్టుమెంటు పదకొండో అంతస్తులో ఉంటారు. ఇప్పుడు సూర్యలంక తీరంలో స్నేహితుడి తోటలో ఉన్న చిన్న గదికి వెళ్లిపోతానని పట్టు పడుతున్నారు. ఎలా ఆపాలి?

— మారతహళ్లి నుంచి ఒక కూతురు

జవాబు: అమ్మాయీ, ఆపే మాట తర్వాత. మార్చిలో అయింది కాబట్టి కోసిన ఛాతీ ఎముక ఈపాటికి అతుక్కుని ఉంటుంది. ప్రయాణానికీ, ఒంటరిగా ఉండడానికీ డాక్టరు గారు ఏమంటారో ముందు అడగండి. గుండె నొప్పి వస్తే బాపట్లలో ఎవరి దగ్గరికి వెళ్లాలి, అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని గుంటూరుకు ఎవరు తీసుకెళ్తారు అన్నది పేర్లతో సహా ఒక కాగితం మీద రాయించండి. ఆ స్నేహితుడు రాత్రిళ్లు తోటలోనే ఉంటారో లేదో కనుక్కోండి. ఆ తర్వాత మీరు పది రోజులు సెలవు పెట్టి ఆయనతో వెళ్లి ఆ గదిలో ఉండి రండి.

మా చేపలావిడ సంగతి పైన చదివారు కదా. పదకొండో అంతస్తులో మీ నాన్నగారితో ఎవరైనా పోట్లాడుతున్నారా? పత్రిక తెచ్చుకోవడానికి ఆయనే కిందికి దిగుతున్నారా, లేక మీరే తెచ్చి చేతికిస్తున్నారా? ఈ వారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆయన ఏం చేస్తున్నారో గమనించి నాకు రాయండి.